‘పూదె’, ‘పొదీయ’: స్పానిష్ భూతకాలంలో ఒక తెలుగు అభ్యాసి కేస్ స్టడీ

ఈ కేసులో పరిశీలించిన క్రియ ఒక్కటే. ‘చేయగలగడం’ అనే అర్థమిచ్చే ‘పొదేర్’ అనే స్పానిష్ క్రియకు భూతకాలంలో రెండు వరుసల రూపాలు ఉన్నాయి: మొదటిది ‘పూదె’ వరుస, రెండోది ‘పొదీయ’ వరుస. వాటిలో దేన్ని ఎక్కడ వాడాలన్న విషయంలో, ఉద్యోగరీత్యా రోజూ స్పానిష్‌లో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే ఒక తెలుగు అభ్యాసి పదేపదే ఒకే తీరులో తడబడుతూ నా దగ్గరికి వచ్చారు. ఆ తడబాటు ఎక్కడ పుట్టింది, దాన్ని సరిదిద్దడానికి ఏం చేశాం, ఆ పద్ధతి ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ పనిచేయలేదు అన్నది ఇక్కడ నమోదు చేస్తున్నాను. తెలుగువారికి స్పానిష్ నేర్పేటప్పుడు ఇంగ్లిషు మీదుగా వెళ్లడం కంటే తెలుగు క్రియారూపాల నుంచి నేరుగా వెళ్లడమే మేలన్నది బోధనలో నాకు కుదిరిన అభిప్రాయం. ఆ అభిప్రాయానికి బలమూ హద్దూ రెండూ ఈ కేసులో కనిపించాయి కాబట్టే దీన్ని వివరంగా రాస్తున్నాను. అభ్యాసిని గుర్తుపట్టగల వివరాలను తొలగించాను.

స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తూ, ఉచ్చారణలో బలం పడే అచ్చును దీర్ఘంతో చూపిస్తున్నాను. స్పానిష్‌లోని త, ద ధ్వనులు దంత్యాలు, అంటే మన త, ద లకు చాలా దగ్గరివి. ఇంగ్లిషు లిపిలో చూసి చదివే అలవాటువల్ల మనవాళ్లు వాటిని ట, డ లుగా పలుకుతారు. తెలుగు లిపిలో రాసి చదివిస్తే ఈ చిక్కు మొదటి రోజే తొలగిపోతుంది.

అభ్యాసి, ఆమె పని

ఆమె ఖమ్మం జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివారు. హైదరాబాద్‌లో ఒక సంస్థలో, మెక్సికోలోని ఖాతాదారుల బిల్లులు, నివేదికలు చూసే విభాగంలో పనిచేస్తున్నారు. వర్తమానకాలంలో తప్పుల్లేకుండా రాస్తారు, పదసంపద కూడా బాగానే ఉంది. స్పానిష్ ప్రావీణ్యాన్ని కొలిచే దేలె పరీక్షలో బీ1 (మధ్యమ) స్థాయికి సిద్ధమవుతూ, తన ఈమెయిళ్లకు ఖాతాదారుల నుంచి ఊహించని జవాబులు వస్తున్నాయన్న ఫిర్యాదుతో వచ్చారు. వాటిలో రెండింటిని ఆమె అనుమతితో, గోప్యమైన వివరాలు తీసేసి పరిశీలించాను.

మొదటిదానిలో ఆమె రాసిన వాక్యం ఇది: ‘ఎల్ లూనెస్ నొ పొదీయ అబ్రీర్ ఎల్ అర్చీవొ.’ సోమవారం ఫైలు తెరవలేకపోయానని చెప్పడం ఆమె ఉద్దేశం. మోంతెర్రేలోని ఖాతాదారు ఇచ్చిన జవాబు: ‘ఈ అల్ ఫినాల్ పూదొ అబ్రీర్లొ?’ అంటే, ‘మరి చివరికి తెరవగలిగారా?’ అని. ఆమెకు ఈ ప్రశ్న ఎత్తిపొడుపులా తోచింది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఆమె వాడిన ‘పొదీయ’ రూపం ఆనాటి పరిస్థితిని మాత్రమే చెప్పి, ఫలితాన్ని చెప్పకుండా వదిలేస్తుంది. చదివినవారు ఆ వదిలేసిన సంగతినే మర్యాదగా అడిగారు. ‘పూదె’ అని రాసి ఉంటే ప్రయత్నమూ వైఫల్యమూ రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడేవి.

రెండో ఈమెయిలు ఇంతకంటే ఎక్కువ నష్టం చేసింది. ఖాతాదారు ఆమోదం ఆలస్యమైందని ఒక వాక్యంలో రాసి, ఆ వెంటనే ‘పుదీమొస్ ఎంత్రెగార్ ఎల్ రెపోర్తె ఎల్ వియేర్నెస్’ అని రాశారు. ఆమె మనసులో ఉన్న మాట, ‘లేకపోతే శుక్రవారమే నివేదిక ఇవ్వగలిగేవాళ్లం’ అని. చదివినవారికి అందిన అర్థం మాత్రం, ‘శుక్రవారం నివేదిక ఇవ్వగలిగాం’ అని. దాంతో అవతలివారు తమ మెయిల్‌బాక్సులో లేని నివేదిక కోసం వెతికి, దాన్ని ఎవరికి పంపారని అడిగారు. ఇక్కడ విశేషం ఏమిటంటే, అదే ‘పుదీమొస్’ తరవాత ‘అబేర్ ఎంత్రెగాదొ’ అని రాసి ఉంటే ‘ఇచ్చి ఉండగలిగేవాళ్లం, కానీ ఇవ్వలేదు’ అనే అర్థం సరిగ్గా వచ్చేది. ‘ఉబియేరమొస్ పొదీదొ ఎంత్రెగార్’ అన్నా సరిపోయేది.

రెండు చోట్లా క్రియారూపాలు వ్యాకరణపరంగా నిర్దోషమైనవే. దేని స్థానంలో ఏది ఉండాలో అక్కడే తేడా వచ్చింది. ఈ రకం తప్పును స్పెల్లింగు సరిచూసే ఏ సాధనమూ పట్టుకోలేదు.

తప్పు ఎక్కడ పుట్టింది

కారణం తెలుసుకోవడానికి, ఆ రెండు ఈమెయిళ్లలోని సంగతులనే తన చెల్లెలికి ఫోన్లో చెబుతున్నట్టు తెలుగులో రాయమన్నాను. ఆమె రాసినదానిలో క్రియల కింద గీతలు గీసి చూస్తే, ‘ఫైలు తెరవలేకపోయాను’, ‘శుక్రవారమే ఇవ్వగలిగేవాళ్లం’ అని ఉన్నాయి. స్పానిష్ అడుగుతున్న తేడా ఆమె తెలుగులో పొల్లుపోకుండా ఉంది. తరవాత అవే సంగతులను ఇంగ్లిషులో రాయించాను. రెండు వాక్యాల్లోనూ ‘కుడ్’ అనే ఒకే మాట వచ్చింది. ‘లేకపోయాను’, ‘గలిగేవాళ్లం’ అనే రెండు వేర్వేరు రూపాలు ఇంగ్లిషులోకి వెళ్లేసరికి ఒకటైపోయాయి. ఆ ఒక్కదాని నుంచి స్పానిష్‌లోని రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి ఆమెకు ఆధారమేమీ మిగల్లేదు. ఆమె చదివిన పాఠ్యపుస్తకం ఇంగ్లిషు మాట్లాడేవారి కోసం రాసింది. ‘కుడ్’కు రెండు స్పానిష్ రూపాలు ఉంటాయని అది చెబుతుంది కానీ, చదివేవారి మాతృభాషలోనే ఆ రెండూ వేరువేరుగా ఉన్నాయని చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ దానికి లేదు. ఆ బాధ్యత తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడిది.

రూపాల విషయంలో కూడా కొన్ని లోపాలు బయటపడ్డాయి. మాట్లాడేటప్పుడు ఆమె అప్పుడప్పుడు ‘పొదీ’ అనేవారు. ‘కొమేర్’ అనే సాధారణ క్రియకు ‘కొమీ’ (తిన్నాను) అని వస్తుంది కాబట్టి, ఆ లెక్కన ‘పొదేర్’కు ‘పొదీ’ వస్తుందని అనుకోవడం సహజమే. స్పానిష్ మాతృభాషగా పెరిగే పిల్లలు కూడా ఇలాంటి రూపాలు కల్పించుకుంటారు. అయితే ‘పొదీ’ అన్నది వినేవారి చెవికి ‘పొదీయ’కు చాలా దగ్గరగా ఉంటుంది. ‘తెరవలేకపోయాను’ అని చెప్పాలన్న ఉద్దేశం సరైనదే అయినా, వినేవారు దాన్ని రెండో వరుసలోని రూపంగానే తీసుకుంటారు. అందువల్ల రూపాన్ని సరిచేయకుండా అర్థం మీద ఎంత పనిచేసినా ఫోన్లో ప్రయోజనం ఉండదని నిర్ణయించుకుని, ముందుగా రూపాలతోనే మొదలుపెట్టాను.

రూపాల మీద చేసిన పని

పూర్తయిన పనిని చెప్పే వరుస ఇలా ఉంటుంది: పూదె (నేను), పుదీస్తె (నువ్వు), పూదొ (అతడు, ఆమె, మీరు), పుదీమొస్ (మేము, మనం), పుదీస్తెయిస్ (స్పెయిన్‌లో ‘మీరందరూ’), పుదియేరొన్ (వారు, లాటిన్ అమెరికాలో ‘మీరందరూ’ కూడా). ఆమె పని మెక్సికోతో కాబట్టి పుదీస్తెయిస్‌ను గుర్తుపట్టగలిగితే చాలని వదిలేశాను. ఈ వరుసలో రెండు విషయాలు ముఖ్యం. ధాతువు ‘పొద్’ నుంచి ‘పుద్’కు మారుతుంది. నేను, అతడు అనే రూపాల్లో బలం చివరి అచ్చు మీద కాకుండా మొదటి అచ్చు మీద పడుతుంది. సాధారణ క్రియల్లో ‘అబ్లే’ (మాట్లాడాను), ‘అబ్లో’ (మాట్లాడాడు) అని చివర బలం పడుతుంది. ఆ అలవాటుతో ‘పుదే’, ‘పుదో’ అనడం తెలుగువారిలో నేను తరచు వినే తప్పు. ‘పూదె’ లాటిన్‌లోని ‘పోతుయీ’ నుంచి వచ్చింది, అక్కడ కూడా బలం మొదటి అచ్చు మీదే.

ఈ క్రియ ఒంటరిది కాదు. తెనేర్ – తూవె, ఎస్తార్ – ఎస్తూవె, పొనేర్ – పూసె, సబేర్ – సూపె, కెరేర్ – కీసె, అసేర్ – ఈసె, వెనీర్ – వీనె, దెసీర్ – దీహె: ఇవన్నీ ధాతువును మార్చుకుని, ఆపైన ఒకే రకం ప్రత్యయాలను తగిలించుకుంటాయి. చివరిదానికి మాత్రం ‘వారు’ రూపంలో ‘ఇయేరొన్’ బదులు ‘ఏరొన్’ వచ్చి ‘దిహేరొన్’ అవుతుంది. వీటన్నిటినీ కలిపి, పట్టిక చూడకుండా, నేను ఒక తెలుగు రూపం చెబితే ఆమె స్పానిష్ రూపం చెప్పే పద్ధతిలో నోటి సాధన చేయించాను. ‘పెట్టాడు’ అంటే ‘పూసొ’, ‘వచ్చాను’ అంటే ‘వీనె’, ‘చెప్పారు’ అంటే ‘దిహేరొన్’. తెలుగులో క్రియ చివర ఉండే ను, వు, డు, ము లు కర్తను చెప్పేస్తాయి కాబట్టి, సర్వనామం లేకుండా క్రియతోనే కర్తను పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. ఇంగ్లిషు నుంచి వచ్చేవారికి ఈ సౌలభ్యం ఉండదు.

రెండో వరుస, అంటే పొదీయ, పొదీయస్, పొదీయ, పొదీయమొస్, పొదీయయిస్, పొదీయన్, రూపాలపరంగా సులువైనది. స్పానిష్ మొత్తంలో ఈ కాలంలో క్రమం తప్పే క్రియలు మూడే: సేర్, ఈర్, వేర్. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది మరోచోట. ‘నేను’కూ ‘అతడు’కూ రూపం ఒక్కటే, గౌరవంగా సంబోధించే ‘ఉస్తేద్’కూ అదే. మన ‘మీరు’లా ఉస్తేద్ కూడా గౌరవ సంబోధనే అయినా, దాని క్రియ ప్రథమ పురుషలో ఉంటుంది. అందుచేత ఆమె మొదటి ఈమెయిలులోని వాక్యాన్ని ‘సోమవారం మీరు ఫైలు తెరవలేని స్థితిలో ఉన్నారు’ అని చదవడానికి కూడా వ్యాకరణపరంగా అడ్డేమీ లేదు. ఖాతాదారు సందర్భాన్ని బట్టి సరిగ్గానే అర్థం చేసుకున్నారు. ఈ వరుసను వాడేటప్పుడు కర్త విషయంలో ఏ కొంచెం సందేహం ఉన్నా ‘యొ’ (నేను) అనో ‘ఉస్తేద్’ అనో పేర్కొనాలని నియమం పెట్టుకున్నాం.

అర్థం మీద చేసిన పని

ఇంగ్లిషును పక్కన పెట్టి, ప్రతి స్పానిష్ వాక్యానికి ముందు తెలుగు వాక్యం రాయమన్నాను. తెలుగులో ‘గలిగాను’, ‘లేకపోయాను’ వస్తే పూదె వరుస, ‘గలిగేదాన్ని’, ‘లేకపోయేదాన్ని’ వస్తే పొదీయ వరుస. ‘చిన్నప్పుడు మైళ్ల కొద్దీ నడవగలిగేదాన్ని’ అంటే పొదీయ. ‘నిన్న ఆఖరి బస్సు అందుకోగలిగాను’ అంటే పూదె, ఎందుకంటే ఆమె నిజంగానే బస్సెక్కారు. ‘గలిగాను’ అన్న తరవాత ‘కానీ చేయలేదు’ అని తెలుగులో అనలేం; ‘పూదె’ తరవాత స్పానిష్‌లోనూ మామూలుగా అనలేం. ఈ పోలికను ఆమె వెంటనే అందుకున్నారు. అలవాట్లకూ ముగిసిన పనులకూ సంబంధించిన వాక్యాల్లో తప్పులు త్వరలోనే చాలావరకు తగ్గాయి.

అయితే ఈ సూత్రం దానంతట అది సరిపోదని కొద్ది రోజుల్లోనే తేలింది. పరీక్ష సాధన కోసం ఒక ప్రయాణానుభవం రాయమంటే, విజయవాడ రహదారి మీద వర్షంలో వాహనాలు నిలిచిపోయిన సంగతి రాశారు. తెలుగు చిత్తుప్రతిలో ‘నీళ్లు నిలవడంతో ముందుకు కదలలేకపోయాం. అప్పుడే మేనేజరు ఫోన్ చేశారు’ అని ఉంది. దాన్ని సూత్రం ప్రకారం ‘నొ పుదీమొస్ అవన్సార్’ అని మార్చారు. ఆ కథనంలో స్పానిష్‌కు కావలసింది ‘నొ పొదీయమొస్ అవన్సార్’. ఫోన్ వచ్చే సమయానికి ఆ కదలలేని స్థితి ఇంకా సాగుతూనే ఉంది, అది ఫోన్ కాల్‌కు నేపథ్యం. ‘పుదీమొస్’ అంటే కదలబోయాం, కుదరలేదు, అక్కడితో ఆ సంగతి అయిపోయింది, తరవాత ఫోన్ వచ్చింది అన్నట్టు రెండు వేర్వేరు ఘటనలుగా వినిపిస్తుంది. తెలుగులో ‘లేకపోయాం’ రెండింటికీ సరిపోతుంది. ‘లేకపోయేవాళ్లం’ అంటే రోజూ జరిగేదన్న అర్థం వస్తుంది కాబట్టి దాన్ని ఇక్కడ వాడం. అంటే ‘గలిగే’, ‘లేకపోయే’ రూపాలు అలవాటును పట్టిస్తాయి కానీ, ఒక్కసారి మాత్రమే జరిగి అప్పటికి కొనసాగుతున్న స్థితిని పట్టించవు.

ఇక్కడ నాకు పాత వ్యాకరణం సాయపడింది. కరాకస్‌లో 1781లో పుట్టి చిలీలో స్థిరపడిన అంద్రేస్ బేయొ, 1847లో వెలువరించిన తన స్పానిష్ వ్యాకరణంలో పొదీయ వరుసకు చెందిన కాలానికి ‘కొప్రెతేరితొ’ అని పేరు పెట్టారు. ఒక గతంతో పాటు నడిచే మరో గతం అని దాని భావం. స్పానిష్ రాయల్ అకాడమీ దీన్ని అసంపూర్ణ భూతకాలం అంటుంది. మెక్సికో బడుల్లో మాత్రం బేయొ పెట్టిన పేరే వాడుకలో ఉంది. బోధనకు సంబంధించినంతవరకు బేయొ పేరే మెరుగైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ‘అసంపూర్ణం’ అన్న మాట పని ఆగిపోయిందేమో అనిపించేలా ఉంటుంది. ‘పాటు నడిచే గతం’ అంటే దేనితో పాటు అని అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్ననే సూత్రంగా మార్చాను. మరో ఘటన జరిగేటప్పటికి ఈ స్థితి ఇంకా సాగుతోందా? సాగుతుంటే తెలుగు వాక్యాన్ని ‘కదలలేని స్థితిలో ఉన్నాం’ అని తిరగరాయమన్నాను. అలా తిరగరాసినా కథ చెడకపోతే పొదీయ వరుస, చెడితే పూదె వరుస. ‘ఫైలు తెరవలేకపోయాను, అందుకే మీకు ఫోన్ చేశాను’ అన్నదాన్ని ‘తెరవలేని స్థితిలో ఉన్నాను, అందుకే ఫోన్ చేశాను’ అని మార్చినా కథ నిలుస్తుంది కదా అని ఆమె అడిగారు. నిజమే, అక్కడ స్పానిష్‌లోనూ రెండూ కుదురుతాయి. ‘నొ పొదీయ’ అంటే ఫోన్ చేసేటప్పటి ఇబ్బంది కళ్లకు కడుతుంది, ‘నొ పూదె’ అంటే జరిగిన విఫల ప్రయత్నం నివేదికలా అందుతుంది. ఆమె ఈమెయిలులో ‘సోమవారం’ అని కాలాన్ని కట్టేసి, వేరే ఘటనేదీ చెప్పలేదు కాబట్టి అక్కడ ‘పూదె’ తప్పనిసరి అయింది. ఈ ప్రశ్న ఆమె నోట వచ్చిన తరవాతే సూత్రం ఆమెకు పట్టుబడిందని నాకు నమ్మకం కుదిరింది.

‘గలిగేవాళ్లం’ రూపంలో ఉన్న మరో మెలికను కూడా విడదీయాల్సి వచ్చింది. ‘రోజూ ఇవ్వగలిగేవాళ్లం’ అలవాటు. ‘మీరు చెప్పి ఉంటే ఇవ్వగలిగేవాళ్లం’ జరగని పని. తెలుగులో రూపం ఒక్కటే. ‘ఉంటే’ అన్న మాట పైకి కనిపించినా, మనసులో ఉన్నా, అది పొదీయ వరుసకు చెందదని, ‘ఉబియేరమొస్ పొదీదొ’ వాడాలని విడిగా సాధన చేయించాను. వ్యాపార లేఖల్లో ఇది తరచు అవసరపడుతుంది కాబట్టి దీనిమీద ఎక్కువ సమయమే పెట్టాం.

ఇతర క్రియలకు విస్తరణ

సబేర్ (తెలియడం) విషయంలో నేను దాదాపు ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ‘నాకు నిన్న తెలిసింది’ అంటే సూపె, ‘అప్పటికే నాకు తెలుసు’ అంటే సబీయ అని ఆమె స్వయంగా పట్టుకున్నారు. కెరేర్ (కోరుకోవడం) దగ్గర తెలుగు అంతగా సాయపడదు. ‘నొ కీసె వెనీర్’ అంటే రానని నిరాకరించాననే ధ్వని ఉంటుంది. మన ‘రావాలనుకోలేదు’కు ఆ బలం లేదు. అందుకని దాన్ని ‘రానన్నాను’తో జతచేసి నేర్పాను.

ఫలితం, మిగిలిన పని

కొన్ని వారాల తరవాత చూసిన ఈమెయిళ్లలో పూదె, పొదీయల ఎంపిక నిలకడగా ఉంది. ‘పొదీ’ పూర్తిగా పోయింది. తొందరలో మాట్లాడేటప్పుడు ‘పుదే’ ఇంకా అప్పుడప్పుడు వస్తోంది, కానీ వెంటనే తానే సరిచేసుకుంటున్నారు. మాద్రిద్ నుంచి కొత్తగా వచ్చిన ఒక ఖాతాదారు, ఆ రోజు జరిగినదానికే ‘నొ ఎ పొదీదొ’ (చేయలేకపోయాను) అని రాయడం చూసి తాను తప్పు నేర్చుకున్నానేమోనని ఆమె కలవరపడ్డారు. మధ్య స్పెయిన్‌లో ఆనాటి సంగతులకు ఆ సమాస రూపాన్ని వాడతారని, మెక్సికోలో అదే చోట ‘నొ పూదె’ అంటారని చెప్పి, ఆమె ప్రస్తుతానికి మెక్సికో పద్ధతిలోనే కొనసాగాలని సూచించాను.

ఇంకా కుదరనిది పరోక్ష కథనం. ‘రాలేనని చెప్పారు’ అన్నప్పుడు తెలుగు ఆ వ్యక్తి అన్న ‘రాలేను’ను యథాతథంగా ఉంచి ‘అని’ చేరుస్తుంది. స్పానిష్‌లో చెప్పడం గతమైతే, చెప్పిన మాటలోని వర్తమానం కూడా వెనక్కి జరిగి ‘దీహొ కె నొ పొదీయ వెనీర్’ అవుతుంది. ఆమె ‘దీహొ కె నొ ప్వేదె వెనీర్’ అంటున్నారు. రాలేకపోవడం ఇప్పటికీ వర్తిస్తుంటే అది తప్పు కాదు. నిన్నటి సమావేశం గురించి అలా అంటే మాత్రం పొసగదు. ఇక్కడ తెలుగు నుంచి నేరుగా వెళ్లడం దారి తప్పిస్తుంది కాబట్టి, పైన చెప్పిన పద్ధతిని ఇక్కడ ఆపేశాను. ప్రతి ఫోన్ కాల్ తరవాత, అవతలివారు అన్న ఒక మాటను ముందు వారి మాటల్లోనే స్పానిష్‌లో రాసి, దాని కిందే ‘దీహొ కె’తో మొదలయ్యే వాక్యంగా మార్చి రాయమన్నాను. ‘నొ ప్వేదొ ఫిర్మార్ ఓయ్’ (ఈ రోజు సంతకం చేయలేను) అన్నదాన్ని ‘దీహొ కె నొ పొదీయ ఫిర్మార్ ఎసె దీయ’ అని మార్చినప్పుడు క్రియతో పాటు ‘ఈ రోజు’ కూడా ‘ఆ రోజు’గా మారాలన్నది ఆమెకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.